దర్శి అమ్మాయి కట్టిన పేజీ

పోయిన వారం దర్శి పక్కన మా బాబాయి వాళ్ల ఊరు వెళ్లినప్పుడు, ఆయన తన మిర్చి బస్తాలకు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో చోటుందో లేదో ఫోనులో చూసుకున్నాడు. కళ్లజోడు సరిచేసుకునేలోపే పేజీ తెరుచుకుంది. ఆయన మురిసిపోయాడు కానీ నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ సంగతి చెప్పాలంటే, స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే పొలాల్లోకి వస్తున్న రోజులకు వెళ్లాలి. గుంటూరు అరండల్‌పేటలో ఒక బట్టల కొట్టు పైన మేడగదిలో ఐదుగురం కూర్చుని వెబ్‌సైట్లు చేసేవాళ్లం. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి పెత్తనం నాది. ఒకరోజు కోల్డ్ స్టోరేజీ యజమాని వచ్చి, రైతులు అంత దూరం ట్రాక్టర్లు తోలుకొచ్చి చోటు లేక రోడ్డు పక్కన పడిగాపులు పడుతున్నారని, ఖాళీ ఎంతుందో ఇంటి దగ్గరే చూసుకునేలా ఒక సైట్ చేసిపెట్టమని అడిగాడు. మిరపకాయలు మిర్చి యార్డుకు వచ్చే రోజుల్లో ఆ ట్రాక్టర్ల బారులు ఎలా ఉండేవో నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు ఆ బస్తాల మీద పడుకుని ఘాటుకు తుమ్ముతూ నిద్రపోయినవాణ్ణి నేనూను.

ఆ సైట్‌ను ఏ ఫ్రేమ్‌వర్క్‌తో, అంటే ఏ కోడింగ్ చట్రంతో కట్టాలన్న చర్చ వచ్చింది. మా జట్టులో దర్శి నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది, నెమ్మదస్తురాలు. మేం ఎప్పటినుంచో వాడుతున్న పాత ఫ్రేమ్‌వర్కే చాలని, దానితో పేజీ సర్వర్‌లోనే తయారై తేలిగ్గా ఫోనుకు వస్తుందని చెప్పి, నాలుగు రోజుల్లో ఒక నమూనా కట్టి, వాళ్ల నాన్న ఫోను తెచ్చి మరీ చూపించింది. నేను పట్టుబట్టిన కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో సరంజామా అంతా ఫోనులోకి దిగాలి, పేజీని ఫోనే కట్టుకోవాలి.

"ఇంకా ఈ పాత చింతకాయ పచ్చడేంటమ్మా!" అని అందరి ముందూ నవ్వాను.

"మా ఊళ్లో సిగ్నల్ వచ్చేది ఒక్క గీతేనండీ" అంది, అంతే.

అసలు కారణం ఇప్పుడైనా ఒప్పుకోవాలి. హైదరాబాదు కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కడ చూసినా ఆ కొత్త ఫ్రేమ్‌వర్క్ పేరే ఉండేది, అది నా బయోడేటాలోకి ఎక్కాలి. రైతుల మేలు కోసమేనని మీటింగులో గంటసేపు ఊదరగొట్టాను కానీ, ఒక్క రైతు ఫోనూ నేను పట్టుకుని చూడలేదు. చివరికి నా మాటే నెగ్గింది, కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో ఆ పేజీని ఆమె చేతే కట్టించాను.

ఆ ఏడు మిర్చి వచ్చేసరికి ఊళ్లలో మా సైట్ తెరిస్తే తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉండేది. మా బాబాయి చూసీ చూసీ విసుగొచ్చి ట్రాక్టరు తోలుకొచ్చాడు. చోటు లేదు. రెండు రోజులు రోడ్డు పక్కనే ఉన్నాడు, మూడో రోజు అకాల వాన పడింది. ఏడాది పంట టార్పాలిన్ పట్టాల కింద తడిసి, కాయంతా మచ్చలు పడింది.

యజమాని మండిపడుతూ వస్తే, ఆ పేజీ కట్టింది ఈ అమ్మాయేనని, సరిగా పరీక్షించలేదని చెప్పాను. నేను చెప్పిన పని చెప్పినట్టు చేసింది, అదే ఆమె తప్పు. ఆమె అక్కడే నిలబడి ఉంది. ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది. ఆ నెలాఖరున మానేసింది. బాబాయికీ అదే మాట చెప్పుకున్నాను. ఆ ఫ్రేమ్‌వర్క్ పుణ్యమా అని నాకు హైదరాబాదులో ఉద్యోగమూ వచ్చింది. నేను వెళ్లిపోయాక మిగిలినవాళ్లు ఆమె నమూనానే బయటికి తీసి పెట్టారని తర్వాత తెలిసింది.

పోయిన వారం ఆ పేజీనే చూస్తూ బాబాయి, "అప్పుడెవరో పిల్ల చెడగొట్టిందన్నావే, ఆ పిల్ల పోయాక బాగుపడ్డట్టుందిరా" అన్నాడు. నేను అవునన్నట్టు తలూపాను.

ఇప్పుడు రోడ్ల పక్కన అంతంత బారులు లేవు, ఊళ్లలోనూ సిగ్నల్‌కు కొదవ లేదు. నేనంత పట్టుబట్టిన ఫ్రేమ్‌వర్క్‌ను తలిచే నాథుడు లేడు, బయోడేటాలోంచి దాని పేరు నేనే తీసేశాను. ఒకప్పుడు ఊరు వదిలిన మనిషి ఆచూకీ తెలియాలంటే ఏళ్లు పట్టేది. ఆ అమ్మాయి ఎక్కడుందో కనుక్కోవడం ఈ రోజుల్లో నిమిషం పని. ఆ నిమిషం నాకింకా కుదరలేదు.