బొటనవేలు ఆగిన వరస

సరుకులనీ మనుషులనీ మోసే ఆ పాత సైనిక విమానాన్ని నడిపినంత కాలం ఆయన్ని అందరూ ‘నత్తగారు’ అనేవారు. ఎదురుగా కాదులెండి, చాటుగా. ఆయన చెక్‌లిస్టు ముగించేలోపు బట్టలుతికి ఆరేసుకుని రావచ్చని కుర్ర పైలట్ల వేళాకోళం.

ఆయన పక్కసీట్లో కూర్చుని పని నేర్చుకున్న అమ్మాయికి ఇప్పుడు తలంతా నెరిసింది. అయినా ఆ కాక్‌పిట్ తలుచుకుంటే చాలు, వేడెక్కిన రబ్బరు వాసనా, ఫ్లాస్కులో చల్లారిన టీ రుచీ, చెమటకి అంచులు మెత్తబడ్డ చెక్‌లిస్టు అట్టా అన్నీ తిరిగొస్తాయి.

పద్ధతి చిన్నదే. ఆమె అట్ట మీది ఒక్కో వరసనీ పైకి చదవాలి. ఆయన ఆ వరసలో చెప్పిన మీట మీద చెయ్యి వేసి, కళ్ళారా చూసి, అప్పుడు జవాబు చెప్పాలి. మధ్యలో రేడియో పిలిస్తే ఆమె బొటనవేలు ఆ వరస మీదే ఆగిపోవాలి.

“అంతా కంఠతా వచ్చు కదండీ సార్, ఇంకా చదవడం ఎందుకు?” అని మొదట్లో అడిగింది.

“వచ్చు గనకే చదవాలమ్మా. నోటికి వచ్చేసింది కంటికి ఆనదు,” అన్నారాయన.

ఉద్యోగంలో ఆయన ఆఖరి రోజు వచ్చింది. కొండల మధ్య పొట్టి రన్‌వే. వెనక స్ట్రెచర్ల మీద గాయపడ్డ సైనికులు. పడమట కారుమబ్బు.

“ఫ్లాప్స్,” అని చదివిందామె. రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలవి. అవి దించకపోతే అంత బరువుతో ఆ కాస్త దారిలో విమానం లేవదు. ఆయన మీట మీద చెయ్యి వేశారో లేదో, వాన ముంచుకొస్తోంది, త్వరగా కదలమని టవర్ నుంచి పిలుపు. వాళ్ళకి బదులిచ్చి, చెయ్యి తీసేసి, “దించాను. తర్వాత?” అన్నారు.

ఫ్లాప్స్ ఎంత దిగాయో చూపే ముల్లు సున్నా మీదే ఉంది.

ఆమె బొటనవేలు ఆ వరస మీదే ఆగింది. తనకి ఓనమాలు దిద్దించిన మనిషి. ఆఖరి రోజున, వెనక సీట్లో ఫ్లైట్ ఇంజనీరు వింటుండగా, తప్పు చేశారని ఎలా అనడం? అనకపోతే? స్ట్రెచర్ల వైపు నుంచి ఎవరో నీళ్ళడుగుతున్నారు.

“ఏమ్మా, నిద్రపోయావా?”

“ఫ్లాప్స్, సార్,” అంది మళ్ళీ.

“దించానన్నానుగా!”

“చెయ్యేసి చెప్పండి సార్.”

ఆయన మీట వైపు చూశారు, ముల్లు వైపు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. మీట దించి, ముల్లు కదిలి నిలిచేదాకా కన్నార్పలేదు.

“ఇప్పుడు దించాను,” అన్నారు. “మొదట్నుంచి చదువు.”

“టవర్ తొందరపెడుతోంది సార్,” అన్నాడు ఇంజనీరు.

“పెట్టనీవయ్యా. ఇరవయ్యేళ్ళు నత్త అన్నారుగా, ఈ ఒక్కరోజూ గుర్రాన్ని ఎందుకవ్వాలి?”

వాన మొదటి చినుకులు అద్దం మీద పడుతుండగా విమానం లేచింది. దారంతా ఆయన మనసు విరిచానేమోనని ఆమె కుమిలిపోయింది.

గాయపడ్డవాళ్ళని ఆస్పత్రి వాహనాలు తీసుకెళ్ళాక ఖాళీ విమానం వెనక్కి బయల్దేరాలి. ఆయన కెప్టెన్ కూర్చునే తన ఎడమసీటు దాటి వచ్చి కుడివైపు కూర్చున్నారు.

“సార్, అది నా సీటు.”

“తెలుసులే. నువ్వు అటు కూర్చో. ఇవాళ నేను చదువుతాను, నువ్వు చెయ్యేసి చెప్పు.”

ఎడమసీట్లో ఆమెకి కాళ్ళు పెడల్స్ దాకా అందలేదు. ఆయనే వంగి, సీటుని ముందుకి జరిపారు.

“అందుతున్నాయా?”

“అందుతున్నాయి సార్.”

“కళ్ళు తుడుచుకో మరి. ముళ్ళు సరిగ్గా కనబడాలి,” అని కళ్ళజోడు పెట్టుకుని, మొదటి వరస చదివారు.