మంచి గడియకు ముందు

నేను బస్సు కండక్టర్‌ని. హాలియా నుంచి నల్లగొండ మీదుగా నార్కట్‌పల్లి దాకా పోయే రూటులో చాలా ఏళ్లుగా టికెట్లు కొడుతున్నాను. బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా సరే, కడుపుతో ఉన్న ఆడమనిషి ఎక్కిందంటే ఆమెకు సీటు ఇప్పించందే నేను "రైట్" అనను. "లేవయ్యా పెద్దమనిషీ, ఆమె కడుపుల ఇంకో పాణమున్నది, కనవడ్తలేదా?" అంటే ఎంత మొండివాడైనా గొణుక్కుంటూ లేస్తాడు. గొణిగితే గొణగనీ, లేవడం ముఖ్యం. నాకు నోరెక్కువని డిపోలో పేరు, ఇంట్లోనూ అదే పేరు. ఆ నోటికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కానీ ఒక్క రోజు అది ఎందుకూ పనికిరాలేదు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

తెలంగాణ వచ్చిన తర్వాతి మాట ఇది. మా చెల్లె తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. మాది సాగర్ కాలువ కింద ఊరు. బాపు పోయాక ఇంట్లో అమ్మ, నేను. చెల్లె భర్త లారీ డ్రైవరు. నొప్పులు మొదలైన రోజు అతను ఎక్కడో మహారాష్ట్రలో ఉన్నాడు. చెల్లె నెలనెలా సర్కారు దవాఖానకు పోయి చూపించుకుంది. ఇచ్చిన మాత్రలన్నీ మింగింది. అంగన్‌వాడీలో పెట్టిన గుడ్డు అక్కడే తిని వచ్చింది. బిడ్డ తల కిందికే ఉందని, మామూలు కాన్పే అవుతుందని నర్సమ్మ చెప్పింది. ఒక ఆడపిల్ల తన వంతుగా చేయగలిగినదంతా చేసింది. తర్వాత మమ్మల్ని "ముందునుంచే జాగ్రత్తగా ఉండాల్సింది" అన్నవాళ్లున్నారు కాబట్టి ఈ మాట గట్టిగా రాస్తున్నాను.

తెల్లవారుతూనే నొప్పులొచ్చాయి. ఫోన్ చేయగానే సర్కారు బండి వచ్చింది. నిజం చెప్పాలి, ఆ బండి ఆలస్యం చేయలేదు. మమ్మల్ని పక్క పట్టణంలోని పెద్ద సర్కారు దవాఖానలో దించింది. ఆ పట్టణం పేరు రాయను. రాస్తే తప్పంతా ఆ ఒక్క ఊరిదే అనుకుని మిగతా ఊళ్లు చేతులు దులుపుకుంటాయి.

చెల్లె ఉమ్మనీరు పోయింది. అది పచ్చగా ఉంది. నర్సమ్మ పొట్ట మీద మిషను పెట్టి విని, మళ్లీ విని, డాక్టర్‌ని పిలిచింది. డాక్టర్ చూసి అమ్మను కాదని నన్ను పక్కకు పిలిచాడు.

"లోపలనే దొడ్డికి పోయిందమ్మా బిడ్డ. గుండె కొట్టుకునుడు తగ్గుతాంది. జల్ది ఆపరేషన్ చేసి తీయాలె. కానీ మా మత్తు డాక్టర్ ఇయ్యాల లీవు."

"లీవైతే ఇంకొకలు లేరా సార్?"

"ఉన్నది ఒక్కరే. నర్సింగ్‌హోముకు తీస్కపోండి, ఫికర్ చెయ్యకుండ్రి, దగ్గర్నే."

మేమున్న గది గోడ మీద పెద్ద బొమ్మ ఉంది. పట్టుచీర కట్టుకున్న తల్లి, బొద్దుగా నవ్వే పాప. దాని కిందే బాలింతలకిచ్చే సంచులు వరుసగా పేర్చి ఉన్నాయి. అందులో పాపకు సబ్బు ఉంది, పౌడరుంది, దోమతెర ఉంది, బట్టలున్నాయి. ఆ సంచిని నేను ఎగతాళి చేయను, మా వాడకట్టులో ఎన్ని ఇళ్లలోనో ఆ దోమతెరలే కట్టారు. కానీ బిడ్డ బయటికి వస్తేనే గదా సబ్బు పెట్టేది! బిడ్డను బయటికి తీయాలంటే మత్తిచ్చే మనిషి ఒక్కడే ఉండి, ఆ ఒక్కడూ సెలవులో ఉంటే, ఆ సంచి ఎవరి కోసం పేర్చినట్టు?

నర్సింగ్‌హోముకు పోయేసరికి వరండా అంతా పెళ్లిల్లులా ఉంది. ఆడవాళ్లు పట్టుచీరల్లో, తలల్లో పూలతో ఉన్నారు. కుర్చీల కింద మిఠాయి డబ్బాలు. ఒకతను ఫోన్ పట్టుకుని అందర్నీ వీడియో తీస్తున్నాడు. ఎవరి ముఖంలోనూ భయం లేదు. గోడ గడియారం కింద మాత్రం ఐదారుగురు గుంపుగా నిలబడి, రైలు కోసం చూసినట్టు ముళ్ల వంక చూస్తున్నారు.

ఆ రోజు మంచి రోజట. పదిన్నర దాటాక మంచి గడియ మొదలవుతుందట. ఆ గడియలో పుట్టిన పిల్లలు రాజ్యాలేలతారని పంతులు రాసిచ్చాడట. అందుకని నొప్పులు రాని ఆడపిల్లలను, నెలలైనా పూర్తిగా నిండని వాళ్లను, చీరలు మార్పించి గౌన్లు తొడిగి వరుసలో పెట్టారు. మా జిల్లాల్లో ఇది కొత్త కాదు. పెళ్లికి ముహూర్తం పెట్టినట్టే కోతకూ పెడుతున్నారు. మాది చర్చికి పోయే ఇల్లు కాబట్టి పరాయివాళ్లను తిడుతున్నానని అనుకోకండి. క్రిస్మస్ రోజే పుట్టాలని పట్టుబట్టి కడుపు కోయించుకున్న మావాళ్లూ నాకు తెలుసు. దేవుడి పేరు వేరైనా కత్తి ఒకటే.

డాక్టరమ్మ బయటికి వచ్చి చెల్లెను చూసింది. చూసిన వెంటనే ఆమె ముఖం మారింది. "ఈమెను ముందు లోపలికి తీసుకోండి" అంది. ఆ మాటకు మా అమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

అప్పుడు వరుసలో మొదటి స్ట్రెచర్ మీదున్న అమ్మాయి అత్తగారు అడ్డం వచ్చింది. వెనకాలే ఆమె చిన్నకొడుకులు ఇద్దరు. "గదెట్ల డాక్టరమ్మా? మేం నెల కిందనే చెప్పుకున్నం. మా వంతు ముందుగాలది. గీమె లోపలికి పోతే మా గడియ దాటిపోతది. దాటితే నువ్వు జవాబు చెప్తవా?"

"ఎమర్జెన్సీ అమ్మా అది" అంది డాక్టరమ్మ.

"మాది గూడ ఎమర్జెన్సే. మల్ల గిసొంటి గడియ ఈ ఏడాది లేదట."

ఇద్దరు కొడుకులూ తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. వీడియో తీసేవాడు ఫోన్ మావైపు తిప్పాడు. డాక్టరమ్మ వాళ్లను చూసింది, మమ్మల్ని చూసింది, తర్వాత గడియారం చూసింది. "మీలో మీరు మాట్లాడుకోండి, ఐదు నిమిషాలల్ల చెప్పండి" అని గదిలోకి పోయింది.

ఆ అత్తగారి మీద కంటే నాకు ఇప్పటికీ ఆ ఒక్క మాట మీదే ఎక్కువ కోపం. బస్సులో సీటు కోసం కొట్లాట అయితే మీలో మీరు మాట్లాడుకోండని నేను డ్రైవరు పక్కకు పోయి కూర్చోను. కూర్చుంటే నా ఉద్యోగం ఊడగొడతారు. ఇక్కడ ప్రాణం సంగతి. చదివింది ఆమె, చూసింది ఆమె, ఆగితే ఏమవుతుందో తెలిసింది ఆమె. ఆ నిర్ణయాన్ని మా చేతిలో పెట్టి తలుపేసుకుంది.

ఆపరేషన్ గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల టేబుల్ మీద పెద్ద లైటు వెలుగుతోంది. టేబుల్ ఖాళీగా ఉంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు సరిగా వినరు. ఎవరికో ఆపరేషన్ అవుతుంటే మేం ఆగలేదు. టేబుల్ ఖాళీగా ఉంది, గడియ ఇంకా రాలేదు కాబట్టి ఖాళీగా ఉంది. ఖాళీ సీటు ముందు మనిషిని నిలబెట్టి పడిపోనిచ్చే బస్సు నేనెక్కడా చూడలేదు.

తలుపు పక్కన ఒకాయన కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆయనే మత్తు డాక్టర్. అంతకు ముందు నెల చెల్లెను ఆ సర్కారు దవాఖానలో చూపించినప్పుడు, మత్తు డాక్టరని అక్కడి వరండాలో నర్సమ్మ చూపించిన మనిషే. నేను ఎదురుగా పోయి నిలబడ్డాను.

"సార్, మీరు లీవుల ఉన్నరంట గదా?"

"అందుకే ఇక్కడున్న కదమ్మా" అన్నాడు. ఏమాత్రం తడుముకోలేదు.

నాకు నోరెక్కువ అన్నాను కదా. ఆ రోజు ఆ నోటితో తిట్టాను, బతిమాలాను, చేతులు జోడించాను, పోలీసులకు ఫోన్ చేస్తానన్నాను. "మీ ఇంట్ల ఆడివిల్లలు లేరా?" అని అరిచాను. గడియారం కిందివాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. ఆ అత్తగారు చెడ్డమనిషిలాగా కూడా లేదు. మా అమ్మ కింద కూలబడితే తన సీసాలోంచి నీళ్లు తాగించింది. "జర ఓర్సుకో చెల్లె, మాదైనంక మీదే" అని వీపు నిమిరింది. మా అమ్మ ఆ నీళ్లు తాగి ఏడ్చింది. ఇటువంటి మంచితనాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియదు.

చెల్లె అరవడం మానేసింది. అంతసేపూ అరిచిన పిల్ల నా చెయ్యి పట్టుకుని "అక్కా, వాడు కదుల్తలేడే" అంది. అప్పుడే గడియారం కింద గుంపులో కదలిక వచ్చింది. "టైమైంది, టైమైంది" అన్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మొదటి స్ట్రెచర్‌ను తోయబోయారు.

దాని మీదున్న అమ్మాయి లేచి కూర్చుంది. రెండు జడలు, కాళ్లకు కొత్త పసుపు. కడుపు పట్టుకుని మెల్లగా కిందికి దిగింది.

"అత్తమ్మా, నాకు నొప్పులే లేవు. నా కడుపులోడు మంచిగ తంతాండు. గామె కండ్లు తేలేస్తాంది. ముందుగాల ఆమెను తీస్కపోండ్రి."

"పండుకోవే, నీకేం తెల్సు!" అని అత్త కసిరింది. అమ్మాయి పండుకోలేదు. తలుపు దగ్గరకు పోయి మరుదుల మధ్య నిలబడింది. నిండు కడుపుతో ఉన్న వదినను తాకడానికి వాళ్లకు చెయ్యి రాలేదు, పక్కకు జరిగారు. ఆ తోవలోంచే మా చెల్లెను లోపలికి తోశాం. ఆ అమ్మాయి ఎవరో, ఏ ఊరో నాకు ఇప్పటికీ తెలియదు. నా బస్సు ఎక్కే ఆడపిల్లల ముఖాల్లో చాలా రోజులు ఆమెను వెతుక్కున్నాను.

బాబు పుట్టాడు, ఏడవలేదు. నీలంగా ఉన్నాడు. ఏవో గొట్టాలు పెట్టి, నోట్లోంచి ఉమ్మనీరు తీసి, వీపు రుద్ది, ఊపిరి తెప్పించారు. వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. చెల్లెను అమ్మకు వదిలి నేను అంబులెన్స్‌లో బాబు పక్కన కూర్చున్నాను. రోజూ టికెట్లు కొడుతూ పోయే రోడ్డే. నార్కట్‌పల్లి దాటుతుంటే మా డిపో బస్సు ఒకటి పక్కకు జరిగి తోవ ఇచ్చింది. ఆ అమ్మాయి తర్వాత, ఆ రోజు అడగకుండా తోవ ఇచ్చింది అదొక్కటే.

వాడు బతికాడు. గాజుపెట్టెలో చాలా రోజులుండి ఇంటికి వచ్చాడు. ఏడాది దాటినా మెడ నిలవలేదు. పుట్టేటప్పుడు మెదడుకు గాలి అందలేదని పెద్ద డాక్టర్లు చెప్పారు. ఎందుకు అందలేదో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను ఫిర్యాదు పెట్టాను. ఒక ఆఫీసరు నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే అడిగాడు: "టేబుల్ ఖాళీగా ఉన్నట్టు రుజువేమన్నా ఉందామ్మా?" ఆ వీడియో తీసినవాడిని ఎక్కడ వెతకను? ముహూర్తం చూసి కోయొద్దని సార్లు ఇప్పటికీ మీటింగుల్లో చెబుతుంటారు. మళ్లీ మంచి రోజు వస్తే మళ్లీ ఆ వరండాలు పూలతో నిండుతాయి.

ఇప్పుడు వాడు బడికి పోవాల్సిన ఈడువాడు. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతాడు. మాట రాదు, కానీ బస్సు హారన్ వింటే ఒళ్లంతా నవ్వుతాడు. వాడి కాళ్లకు వ్యాయామం చేయించడానికి చెల్లె నల్లగొండ పోవాలంటే నా డ్యూటీ చూసుకుని నా బస్సే ఎక్కుతుంది. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఒకటే మాట. మావాళ్లైతే దేవుని చిత్తం అంటారు, ఉపవాస ప్రార్థన పెట్టించమంటారు. పక్కింటివాళ్లు శాంతి చేయించమంటారు. కోపమంతా నాదే. చెల్లె ఎవరికీ బదులు చెప్పేది కాదు, తల వంచుకుని వాడి చొంగ తుడిచేది.

మొన్న బస్సులో పక్క సీటు అవ్వ వాడిని చాలాసేపు చూసింది. వాడి పాదం చేతిలోకి తీసుకుని నిమిరింది. పాపం మంచిదే. "ఏ గడియల పుట్టిండో బిడ్డా, గిట్లయ్యిండు" అంది.

నేను టికెట్ కొడుతున్నదాన్ని ఆగిపోయాను. నోటిదాకా వచ్చిన మాటలు అనేలోపే చెల్లె తలెత్తింది.

"మంచి గడియలనే పుట్టిండవ్వా" అంది. "అది రాకముందే పుట్టాల్సినోడు. దాని కోసమే ఆపిన్రు."