నేలకు దించిన కారు

కోటబొమ్మాళి జంక్షన్లో ఈశ్వర్ షెడ్డు తెలియని డ్రైవరు లేడు. విశాఖలో మెకానిక్ పని నేర్చుకుని వచ్చి, హైవే పక్కన రేకులు వేసి సొంతంగా మొదలుపెట్టాడు. విశాఖలో ఉన్నప్పుడు ఒకాయన కారుకు తోడుగా చెన్నై అవతల రేసు ట్రాక్‌కు వెళ్లాడు. ఆ రోజంతా కంచె ఇవతల నిలబడి చూశాడు. ఒక్కసారైనా తానూ అక్కడ నడపాలన్న కోరిక పుట్టింది. పెళ్లయినా, తల నెరుస్తున్నా అది వదల్లేదు.

2018 వేసవిలో, ఎవరూ కొనక షెడ్డు వెనక పడి ఉన్న పాత ఎస్టీమ్ కారును ఇంటి కళ్లంలోకి తోలుకొచ్చాడు. బరువు తగ్గాలని వెనక సీటు పీకేశాడు, ఏసీ విప్పేశాడు, చప్పుడు రాకుండా లోపల అడుగున అతికించి ఉన్న తారును ఉలితో గీకాడు. మలుపుల్లో ఊగకుండా పొట్టివి, గట్టివి స్ప్రింగులు వేసి కారును నేలకు దించాడు. బ్రేకులు కొత్తవి కట్టాడు. ఇంజనుకు చల్లగాలి అందాలని, గాలి పీల్చే గొట్టాన్ని కిందికి తిప్పి ముందు బంపరు వెనక పెట్టాడు.

తండ్రి గణపతిరావు వరి రైతు. పొలం నుంచి వచ్చి, చుట్ట వెలిగించుకుని చూసేవాడు.

“ఎక్కడికెల్లడానికిరా ఇది?”

“ఎక్కడికీ కాదు నాయినా. గిర్రున తిరిగి మళ్లీ అక్కడికే వస్తాది.”

“గానుగెద్దూ అదే సేస్తాది గదరా!” అని ముసలాయన నవ్వాడు. నవ్వుతూనే, అవతలి నుంచి పానా పట్టి సాయం చేసేవాడు.

నవంబరులో ట్రాక్ మీద ఎవరి కారు వాళ్లు నడుపుకునే రోజు ఒకటి ఉంది. ఈశ్వర్ పేరిచ్చాడు.

అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. తెల్లారాక గాలి కాస్త తగ్గిందని గణపతిరావు పశువులను విప్పడానికి వెళ్లాడు. ఆయన లోపల ఉండగానే శాల మీద కొబ్బరిచెట్టు కూలింది. ఈశ్వర్, పొరుగింటి ఎర్రన్న కలిసి దూలం కింద నుంచి ఆయన్ను లాగారు. తెలివి ఉంది గాని, పొట్ట బిగుసుకుపోయింది, పెదాలు తెల్లబడ్డాయి. ఫోన్లు పలకడం లేదు.

“నా ట్రాక్టరుకి సెట్టడ్డం పడిపోనాది. కొట్టేసి తెస్తాను, ఉండరా,” అన్నాడు ఎర్రన్న.

“అందాకా ఆగలేం మావా. కారుంది గదా.”

తల్లి జగ్గమ్మ కారులోకి తొంగిచూసింది. “ఎక్కడ పడుకోబెడతావురా? ఇందులో ఏటున్నాదని?”

వట్టి రేకు మీద పరుపు వేసి పడుకోబెట్టారు. ఆ గట్టి స్ప్రింగులు ప్రతి గతుకునూ గణపతిరావు ఒంట్లోకి దింపాయి. ఆయన మూలిగినప్పుడల్లా జగ్గమ్మ “మెల్లిగా తోలరా” అంది. మెల్లిగా తోలితే పొద్దు పోతుంది, వేగంగా తోలితే ప్రాణం పోతుంది.

టెక్కలి ఆసుపత్రికి వెళ్లే దారిలో ఒకచోట రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. మోకాలికి దిగువే. మామూలు కారయితే దాటేసేది. ఈశ్వర్ ఆగకుండా దించాడు. సగం దాటాక ఇంజను ఠప్పున కొట్టి ఆగింది. ఎందుకాగిందో తాళం తిప్పకముందే అతనికి తెలిసింది. తన చేత్తో కిందికి తిప్పిన గొట్టం నీళ్లు పీల్చింది.

“ఒచ్చేసినామేటిరా?” అని అడిగాడు గణపతిరావు.

“ఒచ్చేసినాం నాయినా. ఇంక దగ్గిరే.”

వెనక నుంచి ఎర్రన్న ట్రాక్టరు వచ్చి తొట్టిలోకి ఎక్కించుకునేసరికి ఆయనకు మాట లేదు. టెక్కలి ఇంకా కనబడకముందే ప్రాణం పోయింది. లోపల నెత్తురు చాలా పోయిందని, ముందే తెచ్చినా చెప్పలేమని ఆసుపత్రిలో అన్నారు. ఆ మాట ఈశ్వర్‌కు ఊరటా కాలేదు, శిక్షా కాలేదు.

ట్రాక్టరు కోసం ఆగి ఉంటే అన్న మాట ఎర్రన్న ఏనాడూ ఎత్తలేదు. జగ్గమ్మా ఎత్తలేదు. ఒక్కసారి కసితీరా తిడితే బాగుండునని ఈశ్వర్ ఎదురుచూశాడు. ఆమె మాత్రం ఎప్పటిలాగే అన్నం పెట్టి, “కూర ఏసుకో” అనేది.

ఈశ్వర్ చెన్నై వెళ్లలేదు. ఆ కారును తుక్కుకిచ్చేద్దామని భార్య అనిత అంటే ఒప్పుకోలేదు, బాగుచేయనూ లేదు. మరుసటేడు నరసన్నపేట నుంచి ఒకతను కొత్త స్ప్రింగులు పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. కారు కిందికి దించాలన్నాడు.

“ఆ పని సెయ్యను,” అన్నాడు ఈశ్వర్.

“ఏం? రాదా?”

“వొచ్చు,” అని, ఈశ్వర్ పక్కనున్న లారీ కిందికి దూరాడు.