కాకిని బెదరగొట్టిన సైలెన్సర్

నలభై దాటాక మోజుపడి కొన్న టర్బో కారుకు కొత్త సైలెన్సర్ కోసం మూడు ఆదివారాలు మేడ్చల్ షెడ్ల చుట్టూ తిరిగి అలసిపోయాను. అక్కడి గ్రైండర్ల మోతలో ఏది విన్నా మెత్తగానే అనిపించింది. "సార్, గీ పెద్ద పైపు పెట్టుకోండ్రి, పికప్ మస్తుంటది" అన్నాడు మెకానిక్. ఇక తిరిగే ఓపిక లేక సరేనన్నాను.

మర్నాడే లాల్‌గడి మలక్‌పేట్‌లో మా పెద్దనాయిన దశదిన కర్మ. పొలం గట్టున పిట్టకు ముద్ద పెట్టి, పొద్దుటి నుంచీ చుట్టాలందరూ ఎండలో నిలబడి ఉన్నారు. కాకి ముట్టనిదే ఎవరూ అన్నం తినరు. చివరికి ఒక కాకి దిగి ముద్ద దగ్గరకు వచ్చిందో లేదో, నా కారు ఉరుముతూ మలుపు తిరిగింది. కాకి ఎగిరిపోయింది. అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి.

ఎవరూ తిట్టలేదు. పెద్దమ్మ మాత్రం నీరసంగా, "ఆయినకు సప్పుడు పడదని నీకెర్కనే గద బిడ్డా" అంది.

మరో రెండు గంటలకు గానీ కాకి రాలేదు.

తెల్లారే పాత సైలెన్సర్ మళ్లీ పెట్టించాను. అయినా ఇప్పటికీ, కొంపల్లిలో మా గోడ మీద కాకి వాలితే, అది తనంతట తాను లేచిపోయేదాకా కారు స్టార్ట్ చేయను.