లచ్చవ్వ పట్టిన గ్రహణం

విశ్వం ఎలా తయారైందో మా ఊళ్ళో కచ్చితంగా తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది, లచ్చవ్వ. జఫర్‌గఢ్ దారిలో ఉన్న మా ఊరి గడీలో, అంటే కోటలాంటి దొర ఇంట్లో, వడ్లు దంచడం ఆమె వెట్టి. కూలి లేదు. గ్రహణం నాడు తప్ప సెలవు లేదు. చేతులు దంచుతుంటే బుర్ర ఖాళీయే కనుక ఆలోచించడానికి మాత్రం కావలసినంత తీరిక.

ఆమె లెక్కలో ఆకాశం ఒక పెద్ద చాట. పైన ఎవరో కూర్చుని బియ్యం చెరుగుతుంటే రాలిన నూకలే చుక్కలు. నడుమ తెల్లగా పరుచుకున్న పాలపుంత తవుడు. చంద్రుణ్ణి ఒక పక్షం దంచి పొడి చేస్తారు, మరో పక్షం తడిపి ముద్ద చేస్తారు.

"గంత పని దేవుడొక్కడే జేస్తడా అవ్వా?" అని ఎవరైనా అడిగితే నవ్వేది.

"దేవుడంటే దొర గదరా. దొరలు దంచుతరా? మనసొంటి దాన్నెవతినో వెట్టికి వెట్టిండు."

భూమి గుండ్రంగా ఉంటుందని మా కాన్వెంటులో సిస్టరమ్మ చెప్పిన మాట నేనే ఆమెకు మోసుకెళ్ళాను. లచ్చవ్వ రోకలి ఆపకుండానే నన్ను ఎగాదిగా చూసింది.

"మీ సిస్టరమ్మను ఒక్కసారి గుమ్మడికాయ మీద నీళ్ళు వోసి నిలవెట్టుమను. అప్పుడు నమ్ముత."

ఇంత వాగే మనిషి ఊరికి చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో రోకలి నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపూ అది ఎవరూ పట్టుకోకుండానే నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని ఊరి నమ్మకం. అది పడేదాకా ఎవరూ తినరు, తాగరు, గడప దాటరు. లచ్చవ్వకు అనుమానం వచ్చింది. ఒక మామూలు మంగళవారం, గడీలో ఎవరూ లేనప్పుడు, పళ్ళెంలో తన రోకలి పెట్టి చూసింది. బ్రహ్మాండంగా నిలబడింది. ఏళ్ళ తరబడి దంచగా దాని అడుగున ఇనుప పొన్ను చదునైపోయింది మరి. ఈ రహస్యం తమ్ముడు బుచ్చయ్యకు మాత్రమే చెప్పింది.

"మరి ఊరందరికి చెప్పరాదే అక్కా?"

"చెప్తే గ్రహణం నాడు గూడ దంచమంటరు. నోర్ముయ్యి."

ఆ బుచ్చయ్య తరువాత దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరాడు. నలభై ఎనిమిది వేసవిలో అడవిలో జ్వరం తగిలి, నడవలేక అక్క ఇల్లు చేరాడు. లచ్చవ్వ అతణ్ణి వడ్ల గుమ్మిలో దాచి, పైన తట్టలో పొదుగు కోడిని కూర్చోబెట్టింది. నాలుగు రోజులకు జ్వరం దిగింది. వార్త మాత్రం గడీకి ఎక్కింది.

ఒకనాడు పొద్దు పొడుస్తూనే ఎవరో ఓ పక్క కొరికిన జొన్నరొట్టెలా పొడిచింది. గ్రహణం. లచ్చవ్వ వాకిట్లో రోకలి నిలబెట్టిందో లేదో రజాకార్ల లారీ వచ్చి ఆగింది. ముందు దిగినవాడు జమేదారు గౌస్. వెనక దిగినవాడు దొర గుమాస్తా మధుకర్‌రావు పంతులు. ఇద్దరు తుపాకీలతో ఇంటి వెనక దడి దగ్గరికి పోయారు.

"బుచ్చయ్యను బయటికి తోలు ముసల్దానా! లేకుంటే మేమే లోపటికొస్తం."

"రా సాబ్, నాదేం పోయింది? కాకపోతే రోకలి నిలవడ్డది."

"నీ రోకలితోని నాకేం పని?"

"నీకు లేదు. మీ ఇంట్ల ఖాజాబీకి నెలలు నిండినయంట గద. గ్రహణంల మొగడు ఒకరి గడప దాటితే పిల్లకు మొర్రి వడ్తదంటరు. అంటరు మరి, నేనైతే సూడలే."

గౌస్ ఎత్తిన కాలు గాలిలోనే ఆగింది. ఆ పొద్దున్నే గౌస్ తల్లి కోడలిని మంచం దిగనివ్వకుండా, కత్తి ముట్టనివ్వకుండా కాపలా కూర్చుంది. గౌస్ కాలు వెనక్కి తీసుకున్నాడు. పంతులు అప్పటికే జంధ్యం పట్టుకుని జపంలో పడ్డాడు.

"ఎంతసేపు?" అన్నాడు గౌస్.

"నన్నడుగుతవేంది, రోకలినడుగు." లచ్చవ్వ గొంతు పెంచింది. "దడికాడున్న పోరగాండ్ల ఇండ్లల్ల గూడ ఆడోళ్ళున్నరు గద పాపం!"

దడికాడి ఇద్దరూ పిలవకుండానే వాకిట్లోకి వచ్చారు. అందరూ రోకలి చుట్టూ నిలబడి దాన్నే చూడసాగారు. ఆ వెనక దడిలోంచి బుచ్చయ్య జారుకున్నాడు. కాసేపటికి దూరంగా తాటివనం మీద కాకులు గోలగా లేచాయి. తమ్ముడు అక్కడిదాకా చేరినట్టే అనుకుంది లచ్చవ్వ.

చిక్కు అప్పుడు మొదలైంది. సూర్యుడు నిండుగా వెలుగుతున్నాడు, రోకలి పడదు. లచ్చవ్వ దగ్గింది. కాలు నేలకేసి కొట్టింది. ఊహూ.

"పొద్దు పూరా ఉన్నది గద! ఇంకేం గ్రహణం?" గౌస్ కళ్ళు చిన్నవయ్యాయి.

"రాహువు ఇడిసిండు సాబ్. ఇంక కేతువు వంతు."

"గట్ల గూడ ఉంటదా పంతులూ?"

మధుకర్‌రావు ధ్యాసంతా కడుపు మీద ఉంది. గంటకోసారి ఏదో ఒకటి నమిలే మనిషి, తెల్లవారినప్పటి నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. పక్కింటివాళ్ళ రోకలి పడ్డట్టుంది, అటు నుంచి తిరగమోత వాసన వచ్చి అందరి ముక్కులూ అటు తిరిగాయి. పంతులు చుట్టూ ఒకసారి చూశాడు, "శివశివా" అన్నాడు, పక్కకు జరిగినట్టు జరిగి రోకలిని కాలితో ఒక్క తోపు తోశాడు.

"పడ్డది! గ్రహణం ఇడిసింది!" అని అందరికంటే గట్టిగా అరిచిందీ ఆయనే.

లోపల వెతికితే గుమ్మిలో కోడి దొరికింది. అది జమేదారు వేలు పొడిచింది. పోతూ పోతూ గౌస్ వాకిట్లో ఆగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"అవ్వా, రోకలి పడ్డంకనే గద నేను గడప దాటింది?"

"పడ్డంకనే బిడ్డా. పంతులే సాక్షి."

ఖాజాబీకి ఆడపిల్ల పుట్టింది. పెదవి చక్కగా ఉంది, ఏడుపు మాత్రం మూడు ఊళ్ళకు వినిపించేది.

బుచ్చయ్య గూడూరు అడవుల్లో ప్రాణాలు నిలుపుకుని తిరిగొచ్చాడు. చంద్రుడి మీద మనుషులు దిగినప్పుడు అక్కకు పేపరు చదివి వినిపించింది అతనే.

"ఆడ గాలి లేదట, నీళ్ళు లేవట అక్కా. కాలు వెడితే అంత మెత్తటి పొడేనట."

"తవుడు," అంది లచ్చవ్వ, తల కూడా ఎత్తకుండా. "నేనేం చెప్పిన?"

"జర మూట గట్టుకొని గూడ తెచ్చిండ్రట."

"తేరు మరి? దొరలు ఏడికి వోయినా దొరలే. తవుడు గూడ ఇడ్సిపెట్టరు."