మూడు బోర్డులు, ఒకటే బేరింగు

మా అమ్మాయి కొత్త స్కేట్‌బోర్డు కొనుక్కుందని తెలియగానే, మాసబ్ ట్యాంక్‌లో ఉండే మా అక్క అటక మీది పాత బోర్డులు రెండూ దించి, ఆటోలో వేసుకుని మధురానగర్‌లోని మా ఫ్లాటుకు వచ్చేసింది. అక్కకు యాభై నాలుగు, నాకు నలభై ఆరు. అవి గల్ఫ్‌లో పనిచేసిన మా బాబాయి తెచ్చినవి. ముందు అక్కకు తెచ్చాడు, ఎనిమిదేళ్ల తర్వాత నాకు. పెళ్లయ్యాక అక్క మళ్లీ బోర్డు ఎక్కలేదు.

సెల్లార్‌లో మూడింటినీ పక్కపక్కన పెట్టి అమ్మాయి టేపుతో కొలిచింది. అక్కది పది అంగుళాల వెడల్పు, చూడటానికి చేపలా ఉంటుంది. వెనక తోక ఒక్కటే పైకి లేచి ఉంటుంది. నాది ఏడున్నరే. రెండు కొసలూ లేచి ఉండడంతో ఏది ముందో ఏది వెనకో తెలియదు. చక్రాలు నిమ్మకాయలంత. చిన్నప్పుడు పంజాగుట్ట సందులో కంకర రాయి తగిలితే చాలు, బోర్డు ఆగిపోయేది, నేను ముందుకు పోయేదాన్ని. అమ్మాయి కొత్త బోర్డు ఎనిమిదింబావు.

"అంటే పెద్దమ్మా, గాల్లో బోర్డును సులువుగా తిప్పడానికి అమ్మ కాలంలో సన్నగా చేశారు. కాళ్లు కుదురుగా నిలవాలని మళ్లీ వెడల్పు చేస్తున్నారు."

"నేనూ అంతేగా, సన్నబడి మళ్లీ వెడల్పయ్యాను," అంటూ అక్క తన బోర్డు ఎక్కబోయింది. చక్రాలు కదల్లేదు. బేరింగులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి.

"ఇంత పాతదానికి సామాను ఎక్కడ దొరుకుతుందే?" అన్నాను. అక్క వినలేదు. ఒక చక్రం విప్పి సంచిలో వేసుకుని, నన్ను అమీర్‌పేటలో మోటార్లు బాగుచేసే దుకాణానికి లాక్కెళ్లింది.

దుకాణం ఆయన బేరింగు ఊడదీసి, గుడ్డతో తుడిచి చూశాడు. "గిదేనా అక్కా! డ్రిల్ మిషన్లల్ల సుత గిదే ఏస్తం. మస్తుగ దొరుకుతయ్, ఫికర్ చెయ్యకుండ్రి. ఇంతకీ గీ చక్రం దేనిది?"

"నేను తొక్కే బండిదండీ," అంది అక్క.

ఆయన ఒకసారి అక్క చీర వంక చూసి, బేరింగుల డబ్బా కిందికి దించాడు. అమ్మాయికి ఫోన్ చేస్తే కొత్త బోర్డులోనూ అదే సైజు అని చెప్పింది. ఇన్నేళ్లలో చెక్క మారింది, చక్రం మారింది, లోపలి బేరింగు మాత్రం మారలేదు. నా బోర్డుకు కూడా కలిపి పదహారు తెచ్చుకున్నాం.

సాయంత్రం అక్క చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని బోర్డు ఎక్కింది. రెండడుగులు అమ్మాయి భుజం పట్టుకుంది, తర్వాత వదిలేసింది. స్తంభాల మధ్య నుంచి లిఫ్టు దాకా గలగలమంటూ వెళ్లి, తోక నొక్కి గిర్రున తిరిగింది. చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆ ఊపులో నేనూ నాది ఎక్కి, మూడో క్షణంలో కింద కూర్చున్నాను. అక్క కడుపు పట్టుకుని నవ్వింది.

తర్వాతి ఆదివారం వస్తూ వస్తూ మోకాళ్లకు కట్టుకునే ప్యాడ్లు రెండు జతలు తెచ్చింది.