టెన్త్ బి సెక్షన్ బర్రెలు

ఎస్.ఆర్. నగర్ లేడీస్ హాస్టల్లో ఆరుగురికి కలిపి ఒకే అద్దం ఉన్న కాలంలో, మన మొహం మనం చూసుకోవడానికి తీరికెక్కడిది? పక్కవాళ్లు ఏం కట్టుకున్నారో చూసి అదే కట్టుకునేవాళ్లం, పక్కవాళ్లు ఏం చదువుతున్నారో చూసి అదే చదివేవాళ్లం. నేను తణుకు నుంచి అమీర్‌పేటకి జావా నేర్చుకోవడానికి వచ్చింది కూడా అలాగే. మా పక్కింటి పిన్నిగారమ్మాయి జావా నేర్చుకుంది, కాబట్టి నేనూ. (ఆ పిల్ల సర్కస్‌లో చేరి ఉంటే ఈపాటికి నేను ఏ ఊయల మీదో తలకిందులుగా వేలాడుతూ ఉండేదాన్ని.) డిగ్రీలో సైకాలజీ చదివినదానివి, జావా ఎందుకే అని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. నాలుగు నెలలయ్యాక జావాకి నేను పనికిరానని, నాకు జావా పనికిరాదని తేలిపోయింది. ఆ మాట అమ్మకి చెప్పే ధైర్యం లేక ఉద్యోగాల వేటలో పడ్డాను. అప్పుడు దొరికింది పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్క సందులో ఓ ప్రైవేటు హైస్కూల్లో కెరీర్ కౌన్సిలర్ ఉద్యోగం.

ఉద్యోగమంటే పూర్తి ఉద్యోగం కాదు, మూడు నెలల ట్రయల్. మేమంతా పెద్దసారు అని పిలిచే ప్రిన్సిపాల్ గారు ముందే చెప్పేశారు. "చూడమ్మా, టెన్త్ పిల్లలకి ఏ లైన్లో ఆసక్తి ఉందో కనిపెట్టి పేరెంట్స్ మీటింగులో చెప్పాలి. వాళ్లు మెచ్చుకున్నారా, నువ్వు ఉంటావు. లేదా, నీ సంగతి నువ్వు చూసుకో." నా సంగతి నేను చూసుకోవడమంటే పెట్టె సర్దుకుని తణుకు బస్సెక్కడం, జావా రాలేదు, బడిలోనూ పనికిరాలేదు అని ఒకే రోజు రెండు వార్తలు అమ్మకి చెప్పడం. అందుకని వారం రోజులు కూర్చుని, అరవై వాక్యాలున్న ఒక ఇంగ్లీషు ప్రశ్నాపత్రాన్ని శ్రద్ధగా తెలుగులోకి మార్చాను. ప్రతి వాక్యానికీ ఎదురుగా మూడు గళ్లు: ఇష్టం, ఇష్టం లేదు, తెలియదు. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి, అంతే. ఇందులో తప్పు చేయడానికి ఏముంది అనుకున్నాను. ఉంది. టెన్త్ బి క్లాసులోకి వెళ్లి బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'ఆసక్తి పరీక్ష' అని రాశాను.

పరీక్ష అనే మాట మన పిల్లల మీద ఎలా పనిచేస్తుందో సైకాలజీ పుస్తకాల్లో రాసి లేదు. ఆ మూడక్షరాలు చూడగానే నలభై రెండు మంది వెన్నులు నిటారుగా లేచాయి. ఒకడు "మేడం, నెగెటివ్ మార్కులున్నాయా?" అన్నాడు. ఇంకొకమ్మాయి "పోయినేడు పేపర్ ఉందా మేడం?" అంది. నేను నవ్వుతూ "ఇందులో తప్పొప్పులు లేవమ్మా" అన్నాను, ఆ మాట ఒక్కరూ నమ్మలేదు. పైగా నేను చేసిన ఘనకార్యం ఇంకోటుంది. బడి గాలి సోకిన అలవాటుకొద్దీ "ఎవరూ పక్క పేపర్ చూడొద్దు" అని గట్టిగా చెప్పి, కిటికీ దగ్గర నిలబడి ఫ్లైఓవర్ మీద బళ్లు చూస్తూ ఉండిపోయాను. చూడొద్దు అన్నాక చూడకుండా ఉండటానికి వాళ్లేమైనా మునులా? పావుగంటలో పేపర్లన్నీ నా బల్ల మీదకి వచ్చేశాయి. ఎంత చురుకైన పిల్లలో అని మురిసిపోయాను.

ఆ ఆదివారం హాస్టల్లో మంచం మీద పేపర్లు పరుచుకుని లెక్క కట్టాను. మొదటి పేపర్: పశుపోషణ, పాడి పరిశ్రమ. రెండోది: పశుపోషణ. పదోది, ఇరవయ్యోది, నలభై రెండోది కూడా పశుపోషణే. మామూలు బుర్ర ఉన్న మనిషికి అక్కడే అనుమానం రావాలి. నాకు ఒళ్లు పులకరించింది. అన్ని పేపర్లలోనూ ముప్పై ఏడో ప్రశ్న దగ్గర 'ఇష్టం లేదు'లో పెట్టిన టిక్కు కొట్టేసి 'ఇష్టం'లో పెట్టి ఉంది. అదీ నాకు అద్భుతంగానే తోచింది. 'కాంక్రీటు నడుమ పెరిగిన తరం మట్టి వైపు చూస్తోంది. ముప్పై ఏడో ప్రశ్న వద్ద వారి అంతర్మథనం స్పష్టం' అని రిపోర్టు రాసుకున్నాను. (అంతర్మథనం అనే మాట నాకే ఎంత నచ్చిందంటే, మూడు చోట్ల వాడాను.) మా రూమ్మేటు చదివి "నీకు ప్రైజిస్తారే" అంది. పాపం, తనూ నాలాగే జావా బ్యాచే.

శనివారం మధ్యాహ్నం మీటింగు. పై అంతస్తు హాలు నిండా తల్లిదండ్రులు, వెనకాల నిలబడి పిల్లలు, ముందు వరసలో పెద్దసారు. ఏ శాఖ మీద ఎంతమందికి ఆసక్తి ఉందో రంగురంగుల ముక్కలుగా చూపించాలని గుండ్రటి బొమ్మ తయారుచేశాను. ముక్కలేవీ? తెర మీద ఒకటే పచ్చటి పెద్ద సున్నా పడింది. హాలంతా దాన్నే చూస్తోంది. నేను గొంతు సవరించుకుని, మీ పిల్లలందరికీ పాడిపశువుల మీద అపారమైన మక్కువ ఉందని ప్రకటించాను.

రెండో వరసలో ఒకావిడ లేచి, "ఏంటండీ మేడంగారూ, మావాడు పాలు కూడా తాగడండీ" అంది. నేను తడుముకోకుండా, ఇష్టం వేరు, తాగడం వేరు అన్నాను. ఓ పెద్దమనిషి పుస్తకం, పెన్ను తీసి "దీనికి అమీర్‌పేటలో కోచింగ్ ఎక్కడిస్తారండి? ఏ బ్యాచ్ మంచిది?" అని అడిగాడు. పెద్దసారు మొహంలో కాస్త వెలుగు కనిపించింది. గట్టెక్కుతున్నాననుకున్నాను.

అప్పుడు లేచాడు క్లాసు ఫస్టొచ్చే అబ్బాయి వాళ్ల నాన్న. ఆ అబ్బాయిని పిల్లలంతా 'కీ' అంటారు, పరీక్షల్లో అందరికీ జవాబులు వాడి దగ్గర్నుంచే అందుతాయి కాబట్టి. నాన్నగారు సిటీ బస్సులో కండక్టరు. అప్పటికే నా బల్ల మీది పేపర్లు తీసుకుని ఒక్కొక్కటీ తిప్పుతూ కూర్చున్నాడాయన.

"మేడం, జర ఇటు సూడున్రి. ముప్పై ఏడో ప్రశ్న కాడ అందరు సుత ఒకటే తీరుగ కొట్టేసిన్రు, మళ్ల పక్కకు టిక్కు పెట్టిన్రు. గిదేంది?"

"అది అంతర్మథనం అండీ" అన్నాను.

"అదేందో నాకు తెల్వదు గానీ, టికెట్ తీసుకోనోని మొఖం ఎట్లుంటదో నాకు తెలుసు" అని వెనక్కి తిరిగి కొడుకుని చూశాడు. "ఏం రా, ఎన్నడన్న బర్రెను ముట్టినవా నువ్వు?"

కీ తల వంచుకున్నాడు. "లేదు నాన్నా. నాకు ఒక్క ఆన్సర్ సుత తెల్వలేదు. నాకేమిష్టమో ఏ బుక్కుల లేదు. పక్క పేపర్ చూసి రాసిన. నాది చూసి అందరు రాసిన్రు."

హాలు గొల్లుమంది. నేను నవ్వలేదు. తణుకు బస్సు నా కళ్ల ముందే వచ్చి ఆగినట్టయింది. పెద్దసారు నా వైపు తిరిగి చూడను కూడా చూడలేదు, దాంతో ఇంకా భయం వేసింది.

"పక్క పేపర్ ఎవల్ది?" అన్నాడు కండక్టరు.

గోడవారగా ఒక సన్నటి అమ్మాయి చెయ్యెత్తింది. అప్పటిదాకా ఆ పిల్ల గొంతు నేను విన్నది హాజరు పిలిచినప్పుడే. "నాది మేడం. మా తాత కాడ బర్రెలున్నయ్ శంకర్‌పల్లిల. సెలవులకు పోతే నేనే చూసుకుంట." ముప్పై ఏడోది ఎందుకు కొట్టేశావమ్మా అని అడిగాను. నా మహత్తర అంతర్మథనం ఏమిటో నాకూ తెలుసుకోవాలని ఉంది. ఆ ప్రశ్న 'పశువుల కొట్టం శుభ్రం చేయడం నాకిష్టం'. "పేడ తీసుడు ఇష్టం లేదని పెట్టిన మేడం. మళ్ల అనిపించింది, బర్రె ఇష్టమైతే పేడ సుత తియ్యాలె కదా. అందుకే కొట్టేసి ఇష్టం అని పెట్టిన."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి, సగం ఆ పిల్ల కోసం, సగం ఊడబోయే ఉద్యోగం కోసం. ఇక దాచేదేముందని, "తప్పు నాదేనండి. పరీక్ష అని రాసి ఉండకూడదు. నలభై రెండు పేపర్లు ఒకేలా ఉంటే అనుమానం రావాల్సింది, పొంగిపోయాను" అని అందరి ముందూ చెప్పేశాను.

కండక్టరు పేపర్లన్నీ సర్ది నా చేతిలో పెట్టాడు. "సారూ, నలభై రెండుల ఒక్కటైతే కరెక్టు చెప్పింది కదా గీ మేడం. మా పోరనికి ఏమిష్టమో వానికే తెల్వదని నాకీయాల తెలిసింది. గిది సుత తక్కువా? మళ్లొక్కపారి పెట్టున్రి. గీసారి సీటుకొక్కల్ని కూసోబెట్టున్రి." పెద్దసారు పచ్చ సున్నా వైపు చూసి, "ముందా బొమ్మ తీసెయ్యమ్మా" అన్నారు. తీసెయ్యమన్నది బొమ్మనే, నన్ను కాదు అని అర్థం కావడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

రెండోసారి బోర్డు మీద ఏమీ రాయలేదు. ఒక్కొక్కరినీ లైబ్రరీ గదిలోకి పిలిచి, ముచ్చట పెట్టుకుందాం రా అన్నాను. కీ అరవై ప్రశ్నలకీ 'తెలియదు' అని టిక్కు పెట్టి, "ఇట్ల పెట్టొచ్చా మేడం?" అని అడిగాడు. పెట్టొచ్చు అన్నాను. వాడంత హాయిగా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఆ ఉత్సాహంలో ఓ ఉదయం నేనూ, మా రూమ్మేటూ చెరో పేపరు తీసుకుని కూర్చున్నాం. నాలుగో ప్రశ్న దగ్గర తను గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఏంటే, నాది చూస్తున్నావ్?" నిజమే, చూస్తున్నాను. నాకేది ఇష్టమో రాయడానికి దాని పేపర్లోకి తొంగిచూస్తున్నాను.

అదే బడిలో ఇప్పటికీ పిల్లలతో ముచ్చట్లు పెడుతూనే ఉన్నాను. నీకేమిష్టం అని రోజుకి పదిమందిని అడుగుతాను, తెలియదంటే తొందరపెట్టను. సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో దిగి టిఫిన్ సెంటర్‌కి వెళ్తే, సర్వర్ వచ్చి ఏం కావాలి మేడం అంటాడు. ఇన్నేళ్లొచ్చినా ముందు పక్క టేబుల్ ప్లేటు వైపు చూసి, అప్పుడు చెప్తాను.